తిలక్ రోడ్డు సందులో మా కంప్యూటరుకు జరిగిన వైద్యం

తిరుపతిలోనే ఉంటూ గరుడ సేవను కంప్యూటరు తెర మీద చూస్తానంటే పై ఊళ్ళ బంధువులు నవ్వుతారు గానీ, మోకాళ్ళ నొప్పులనూ ఆ రాత్రి మాడ వీధుల్లో ఉండే జనాన్నీ ఎరిగినవాళ్ళకు అందులో వింతేమీ కనిపించదు. బ్రహ్మోత్సవాల అయిదో నాటి రాత్రి శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ ప్రత్యక్ష ప్రసారాన్ని యూట్యూబులో పెట్టుకుని కూర్చోవడం ఉద్యోగ విరమణ తరువాత నాకు అలవాటైంది. హాల్లో టీవీ లేకపోలేదు, కానీ రాత్రి వేళ అది మా వారి వార్తలకు అంకితం. గత బ్రహ్మోత్సవాలలో వాహనం కదులుతున్నంత సేపూ మా తెర మీద బొమ్మ రెండు క్షణాలు ఆగిపోవడం, ఆ తరువాత ఒక్క గెంతు గెంతడం, మళ్ళీ ఆగడం, ఇదే వరస. వ్యాఖ్యాత గొంతు వాహనంతో పాటు ముందు వీధిలోకి వెళ్ళిపోతే, స్వామి మాత్రం వెనక మలుపులోనే నిలబడి ఉన్నారు.

ఆ జబ్బును కుదిర్చిన ఒక చిన్న మరమ్మతు దుకాణం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు గానీ ఫోను నంబరు గానీ రాయవద్దని యజమానే కోరారు. తాను ఒక్కడే పని చేసుకుంటున్నాననీ, ఉన్న పనికే వేళ చాలడం లేదనీ ఆయన అన్న మాటలో నిజం ఉందని, అక్కడ మూడు సార్లు నిలబడి ఎదురుచూసిన మనిషిగా నేను సాక్ష్యం చెప్పగలను. తిలక్ రోడ్డును ఆనుకుని ఉన్న ఒక సందులో, ఒకే షట్టరు గదిలో నడుస్తున్న దుకాణమని మాత్రం చెబుతాను. వెతికే వాళ్ళకు దొరక్కపోదు.

ముందుగా యంత్రం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని వయసు మీద ఆధారపడి ఉంది. మాది 2014లో కొన్న కంప్యూటరు. ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 21.5 అంగుళాల తెర, విండోస్ 10. రెండేళ్ళ కిందట ఒకసారి అసలు తెరుచుకోకుండా మొరాయిస్తే, మాకు తెలిసిన ఒక కుర్రవాడు ఇంటికే వచ్చి విండోస్ కొత్తగా ఎక్కించి వెళ్ళాడు. అప్పటి నుంచే బొమ్మలో తేడా మొదలైందని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోంది. ఆ రోజుల్లో మాత్రం నేను దానిని కళ్ళజోడు మార్చవలసిన సూచనగా భావించాను. అక్షరాలు కాస్త ఉబ్బినట్టు, అంచులు అలికినట్టు కనిపించేవి. కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళి వచ్చాను.

గరుడ సేవ నాటి అనుభవం తరువాత నేను మొదట అనుమానించింది ఇంటర్నెట్టును. నెలకు అదనపు సొమ్ము కట్టి 40 ఎంబీపీఎస్ వేగాన్ని 100కు పెంచుకున్నాను. బొమ్మలో వీసమెత్తు మార్పు రాలేదు. నిలువున 1080 చుక్కల వరుసలుండే 1080 వీడియోకు దాదాపు 5 ఎంబీపీఎస్, దానికి నాలుగింతల చుక్కలుండే 4కే వీడియోకు 20 ఎంబీపీఎస్ వేగం ఉంటే సరిపోతుందని యూట్యూబు తన సహాయ పేజీలోనే రాసి పెట్టిందని నాకు తరువాత తెలిసింది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన నేను ఆ చిన్న పోలిక వేసుకోకుండా డబ్బు కట్టానంటే, విసుగులో మనిషికి లెక్క తోచదని ఒప్పుకోవాలి.

ఆ తరువాత వెళ్ళింది ఒక పెద్ద దుకాణానికి. అద్దాల తలుపులు, ఏసీ, వరుసగా కూర్చున్న కుర్రవాళ్ళు ఉన్న చోటు. పేరు ఇక్కడ అనవసరం. నేను చెప్పినది సగం వినగానే అక్కడి యువకుడు "గ్రాఫిక్స్ కార్డు వెయ్యాల మేడమ్, 4 జీబీది వేస్తే ఇంక జన్మలో ఆగదు" అన్నాడు. తెర మీద బొమ్మ గీసే పని చూసుకునే విడి పలక అది. ఖరీదు అయిదున్నర వేలు. నేను సీపీయూను ఆటోలోంచి దించనైనా లేదు. చూడకుండానే మందు రాసిన తీరు నాకు నచ్చక, ఆలోచించి చెబుతానని వచ్చేశాను. అయితే ఆ కార్డు నమూనా పేరును ఒక చీటీ మీద రాయించుకుని తెచ్చుకున్నాను. ఆ చీటీ తరువాత బాగా పనికి వచ్చింది.

ఇక తిలక్ రోడ్డు దుకాణానికి వస్తాను. మా వీధిలో ఒకరు చెప్పగా, కొర్లగుంట నుంచి సీపీయూను ఆటోలో పెట్టుకుని వెళ్ళాను. ముప్పై అయిదేళ్ళ లోపు మనిషి, బల్ల మీద విప్పి ఉన్న మూడు ల్యాప్‌టాపుల మధ్య నుంచి తలెత్తి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఏ వీడియో ఆగుతోందో అది తెచ్చినారా అమ్మా?" తేలేదన్నాను. "ఆగే వీడియో లేకుండా ఆగడం ఎట్ల చూసేది? ఇంట్లో మీకు ఇబ్బంది పెట్టేవన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసుకుని రేపు రండి" అని పంపేశారు. ఆటోకు రానూ పోనూ అయిన ఖర్చును తలుచుకుని ఆ పూట నాకు ఒళ్ళు మండింది. మరునాడు ఆయన పని చేసిన తీరు చూశాక ఆ కోపం నిలవలేదు.

నేను తీసుకువెళ్ళినవి మూడు. ఒకటి యూట్యూబు, అది అక్కడే తెరుచుకుంటుంది. రెండవది మా మనవడి ఉపనయనాన్ని అల్లుడు తన ఫోనులో తీసి పంపిన వీడియో. మూడవది 1988లో చిత్తూరులో జరిగిన మా పెళ్ళి తాలూకు డీవీడీ. అప్పటి వీహెచ్‌ఎస్ క్యాసెట్టును తరువాతి కాలంలో ఎవరో డీవీడీగా మార్చి ఇచ్చారు. మూడింటిలోనూ బొమ్మ బాగుండదు కాబట్టి మూడింటికీ జబ్బు ఒక్కటేనని నా నమ్మకం. ఒక్కొక్క దాని కారణం వేరని చూపించడమే ఆ రోజు ఆయన చేసిన అసలు పని. ఈ దుకాణానికి నేను ఎక్కువ మార్కులు వేసేది కూడా అందుకే.

ఆయన ముందుగా సీపీయూ విప్పలేదు. తన తెరకు తగిలించి, యంత్రంలోని భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, ఒక వరుస మీద వేలు పెట్టారు. అక్కడ గ్రాఫిక్స్ భాగం పేరు ఉండవలసిన చోట "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది. విండోస్‌కు తన ఎదుట ఉన్న గ్రాఫిక్స్ చిప్పు ఏమిటో తెలియనప్పుడు, తెర నల్లగా ఉండిపోకుండా తాత్కాలికంగా వాడుకునే సాధారణ డ్రైవరు, అంటే చిప్పుతో విండోస్ మాట్లాడేందుకు వాడే చిన్న సాఫ్ట్‌వేరు, అది. దానితో అక్షరాలు కనిపిస్తాయి, పని నడుస్తుంది, కానీ వీడియోను విప్పే ప్రత్యేక భాగం చిప్పులో ఉన్నా దానికి పని అప్పజెప్పే మార్గం ఉండదు. విండోస్ ఎక్కించిన కుర్రవాడు గ్రాఫిక్స్ డ్రైవరు వేయకపోగా, అప్‌డేట్లను కూడా ఆపి పెట్టి వెళ్ళాడు. అప్‌డేట్లు నడుస్తూ ఉంటే ఆ డ్రైవరు బహుశా తనంత తానే వచ్చి ఉండేది. తెర అసలు కొలత 1920కి 1080 కాగా, మేము రెండేళ్ళుగా 1024కి 768లో సాగదీసిన బొమ్మను చూస్తున్నాము. నా కళ్ళజోడులో దోషం లేదని అక్కడే తేలిపోయింది.

ఈ విప్పే భాగం ఎందుకంత ముఖ్యమో ఆయన చెబుతుండగా నేను చీటీ వెనక లెక్క వేశాను. 1920ని 1080తో గుణిస్తే 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు మూడు బైట్లు అనుకుంటే ఒక్క బొమ్మకు 62 లక్షల పైచిలుకు బైట్లు. సెకనుకు 30 బొమ్మలంటే దాదాపు 18.66 కోట్ల బైట్లు. ఆ లెక్కన ఒక్క నిమిషం చిత్రం నిలువ చేయడానికి 4.7 జీబీ డీవీడీలు రెండు కూడా చాలవు. అందుకే వీడియోను ఎప్పుడూ మడిచి, కుదించి పంపుతారు. ఒక బొమ్మను పూర్తిగా పంపి, దాని తరువాతి వాటిలో మారిన భాగాన్ని మాత్రమే పంపడం అందులోని కిటుకు. మడత ఎంత గట్టిదైతే ఫైలు అంత చిన్నదవుతుంది, విప్పడానికి అంత ఎక్కువ శ్రమ పడుతుంది. 2003 నాటి హెచ్ 264 ఒక రకం మడత, 2013లో వచ్చిన హెచ్ 265, అంటే హెచ్‌ఈవీసీ, అంతకన్నా గట్టి మడత. గూగుల్ వారి వీపీ 9, 2018లో వచ్చిన ఏవీ1 కూడా ఇదే వరసలోవి. పట్టుచీరను మడిచిన వాళ్ళకే విప్పడం తెలిసినట్టు, ఒక్కొక్క మడతకు దానిని ఎరిగిన భాగం చిప్పులో ఉండాలి. లేకపోతే ఆ పని మొత్తం ప్రాసెసరు నెత్తిన పడుతుంది. ప్రాసెసరు వేళకు అందించలేని బొమ్మలను ప్లేయరు వదిలేస్తూ పోతుంది. ఆ వదిలేసినవే మనకు గెంతులుగా కనిపిస్తాయి. మాటకు పడే శ్రమ తక్కువ కాబట్టి అది ఆగదు.

డ్రైవరు వేయడానికి పావు గంట పట్టింది. తెర ఒక్కసారి ఆరి వెలగగానే అక్షరాలు గీసినట్టు నిలబడ్డాయి. పని అయిపోయిందని నేను లేవబోతే ఆయన కూర్చోమన్నారు. యూట్యూబులో గత గరుడ సేవ వీడియోనే పెట్టి, బొమ్మ మీద మౌసు కుడి మీట నొక్కి, "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" అనే వరుసను ఎంచుకున్నారు. బొమ్మ మీద ఒక నల్లని పలక వచ్చింది. అందులో నేర్చుకోవలసినవి రెండే అంకెలు. ఒకటి బఫర్ హెల్త్, అంటే ముందుగా తెచ్చి పెట్టుకున్న వీడియో ఎన్ని సెకన్లు ఉన్నదన్న లెక్క. రెండవది డ్రాప్డ్ ఫ్రేమ్స్, అంటే చూపించలేక వదిలేసిన బొమ్మల సంఖ్య. బఫరు సున్నాకు పడిపోతూ గుండ్రటి చక్రం తిరిగితే తప్పు నెట్టుది. బఫరు నిండుగా ఉండి కూడా వదిలేసిన బొమ్మల అంకె పెరుగుతూ పోతే తప్పు యంత్రానిది. మా దానిలో బఫరు 30 సెకన్లకు పైగానే ఉంది, రెండవ అంకె మాత్రం ఇంకా మెల్లగా పెరుగుతూనే ఉంది. ఇంట్లో కూర్చుని ఎవరైనా ఒక్క నిమిషంలో చేసుకోగల పరీక్ష ఇది. నేను నెట్టు వేగం పెంచడానికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

డ్రైవరు పడిన తరువాత కూడా ఎందుకు పెరుగుతోందంటే, యూట్యూబు ఆ వీడియోను వీపీ 9 మడతలో పంపుతోంది. ఆ సంగతి కూడా అదే పలకలో కోడెక్స్ అన్న వరుసలో ఉంటుంది. మా నాలుగో తరం ప్రాసెసరులో హెచ్ 264ను విప్పే భాగం ఉంది గానీ వీపీ 9కు లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో హెచ్‌ఈవీసీకి పూర్తి ఏర్పాటు 2015 నాటి ఆరో తరంతోనూ, రంగుల ఛాయలు ఎక్కువగా పట్టే 10 బిట్ హెచ్‌ఈవీసీకీ వీపీ 9కీ ఏడో తరంతోనూ, ఏవీ1కు 2020లో వచ్చిన పదకొండో తరంతోనూ వచ్చాయి. దీనికి ఆయన చూపిన మార్గానికి పైసా ఖర్చు లేదు. బ్రౌజరులో "హెచ్264ఇఫై" అనే, బ్రౌజరుకు అదనంగా తగిలించే చిన్న ఎక్స్‌టెన్షన్ వేసి, హెచ్ 264 రూపమే పంపమని యూట్యూబుకు చెప్పించారు. అలా చేస్తే 1080కు మించిన నాణ్యత రాదు. మా తెర కూడా అంతే కాబట్టి పోయేదేమీ లేదు. రెండవ అంకె అక్కడితో కదలడం మానేసింది.

ఇప్పుడు ఆ చీటీ సంగతి. పెద్ద దుకాణంలో రాయించుకున్న కార్డు నమూనా జీటీ 730. ఆయన దానిని చదివి, నవ్వకుండా, ఆ కార్డులో హెచ్‌ఈవీసీ విప్పే భాగం అసలు లేదని చెప్పారు. అయిదున్నర వేలు పోసి కొన్నా మనవడి వీడియో యథాతథంగా ఆగుతూనే ఉండేది. 4 జీబీ అన్నది ఆ కార్డు మీద ఉన్న మెమరీ ఎంతో చెబుతుందే తప్ప, దానికి ఏ మడత విప్పడం వచ్చునో చెప్పదు. తప్పనిసరిగా కార్డే వేయాలనుకుంటే 2017లో వచ్చిన జీటీ 1030 నుంచి చూడాలని, అది హెచ్‌ఈవీసీనీ వీపీ 9నీ విప్పగలదు గానీ ఏవీ1ను విప్పలేదని కూడా వివరించారు. ఆయన బీరువాలో అలాంటి కార్డు ఒకటి అమ్మకానికి ఉండటం నేను చూశాను. అది తీసి చూపించలేదు.

సీపీయూ విప్పింది ఆ తరువాతే. లీలామహల్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవరు కట్టిన సంవత్సరాలన్నీ మా వీధి పీల్చిన దుమ్ము ఆ పెట్టెలో భద్రంగా ఉంది. ప్రాసెసరు మీది అల్యూమినియం రెక్కల మధ్య విబూది పొట్లం విప్పి పోసినట్టు బూడిద రంగు మట్టి పేరుకుపోయింది. ప్రాసెసరు వేడిని ఆ రెక్కలకు చేర్చేందుకు వాటి కింద పూసే థర్మల్ పేస్టు ఎండి పెచ్చులుగా లేచింది. విప్పక ముందే ఆయన ఒక సాఫ్ట్‌వేరుతో వేడి కొలిచి పెట్టుకున్నారు, 96 డిగ్రీలు. ప్రాసెసరు 100 డిగ్రీల దాపుకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో బయట 42 డిగ్రీలుండే తిరుపతిలో, ఫ్యాను గాలి కూడా వేడిగా ఉండే గదిలో, మా వీడియోలు మధ్యాహ్నం ఎక్కువగా, తెల్లవారుజామున తక్కువగా ఎందుకు ఆగేవో నాకు అప్పుడు బోధపడింది. బ్లోయరుతో ఊది, బ్రష్షుతో తుడిచి, పాత పేస్టు గీకి కొత్తది పూశాక అదే వీడియోకు 71 డిగ్రీలు చూపించింది. సందులో ఎదురుగా ఉన్న టీ బంకు మనిషి ఆ దుమ్ముకు మమ్మల్నిద్దరినీ తిట్టాడు, న్యాయమే.

ర్యామ్ గురించి కూడా ఒక సలహా ఇచ్చారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రంలో చిప్పు తనకు కావలసిన మెమరీని ఆ ర్యామ్ నుంచే పంచుకుంటుంది. పైగా ఒక్క పలక ఉన్నప్పటి కన్నా రెండు పలకలు ఉన్నప్పుడు రాకపోకలకు రెండు దారులు ఏర్పడతాయి. వాడిన 4 జీబీ డీడీఆర్3 పలక ఒకటి 600 రూపాయలకు వేయించుకున్నాను. హార్డ్ డిస్కు కన్నా వేగంగా చదివే ఎస్ఎస్‌డీ వేస్తే వీడియో బాగుపడుతుందా అని నేనే అడిగాను. కంప్యూటరు త్వరగా తెరుచుకుంటుంది తప్ప ఆడుతున్న వీడియోకు దానితో పని లేదని అన్నారు. అడిగిన వాళ్ళకు కూడా అమ్మని వ్యాపారిని చాలా కాలానికి చూశాను.

మనవడి వీడియో దగ్గర మాత్రం యంత్రం ఓడిపోయింది. అల్లుడి ఐఫోను దానిని 4కేలో, సెకనుకు 60 బొమ్మలతో, వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ రంగులతో, 10 బిట్ హెచ్‌ఈవీసీ మడతలో తీసింది. ఒక్క బొమ్మకు 83 లక్షల చుక్కలు, సెకనుకు అలాంటివి 60. డ్రైవరు, పేస్టు, ర్యామ్ అన్నీ అయ్యాక కూడా ప్రాసెసరు నూటికి నూరు శాతం పని చేస్తూ, వటువు భిక్ష స్వీకరించే ఘట్టాన్ని ఫోటోల వరసలాగా చూపించింది. పైగా రంగులు వెలిసిపోయి, పట్టు పంచె బూడిద రంగులో కనిపించింది. హెచ్‌డీఆర్ చిత్రాన్ని మామూలు తెరకు తగినట్టు మార్చకుండా చూపిస్తే అలాగే ఉంటుందట. ఈ యంత్రంతో ఈ ఫైలు ఆడదని ఆయన దాపరికం లేకుండా చెప్పి, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో దానిని 1080, హెచ్ 264 రూపంలోకి మార్చుకోవడం నేర్పించారు. రంగులను మామూలు తెరకు దించే అమరికను కూడా అందులోనే చేసి పెట్టారు. ఇంట్లో రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లవారేసరికి పూర్తయింది. పంచె మళ్ళీ పంచె రంగులోకి వచ్చింది. అసలు ఫైలును చెరపవద్దని, ముందు ముందు మంచి యంత్రం కొంటే దాని అసలు అందం అప్పుడు చూడవచ్చని కూడా జాగ్రత్త చెప్పారు.

ఇంకొక చిన్న మాట. ఆ వీడియో మొదట నాకు వాట్సాప్‌లో వచ్చింది. అది ఆగకుండానే ఆడింది గానీ ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి. వాట్సాప్ మామూలుగా పంపే వీడియోను బాగా కుదించేస్తుంది. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. విదేశాల్లో పిల్లలున్న ఇళ్ళలో ఇది అందరికీ తెలియవలసిన సంగతి.

పెళ్ళి డీవీడీ విషయంలో యంత్రం తప్పేమీ లేదు. మన దేశపు పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, ఒక్కొక్క బొమ్మా రెండు సగాలు. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీసిన సగాలు అవి. గాజు గొట్టపు టీవీ ఆ సగాలను ఒకదాని తరువాత ఒకటి గీసేది కాబట్టి కంటికి తేడా తెలిసేది కాదు. కంప్యూటరు తెర రెండు సగాలనూ ఒకేసారి కలిపి చూపించడంతో, కదిలిన ప్రతి వస్తువు అంచున దువ్వెన పళ్ళ లాంటి గీతలు వస్తాయి. తలంబ్రాలు పోసుకునే చోట మా చేతులన్నీ దువ్వెనలే. వీఎల్‌సీ ప్లేయరులో ఆ వీడియో ఆడుతుండగా కీబోర్డు మీద డి అక్షరం నొక్కితే డీఇంటర్‌లేసింగ్ మొదలై ఆ గీతలు పోతాయి. అంతే, ఒక్క మీట. అలాగే 4:3 కొలతలో తీసిన చిత్రాన్ని ఎవరో 16:9కి సాగదీసి పెట్టారు. ఎ అక్షరం కొన్ని సార్లు నొక్కుతూ సరైన కొలతకు తెచ్చేసరికి, ఇన్నేళ్ళుగా ఆ డీవీడీలో లావుగా కనిపిస్తున్న పెళ్ళికూతురు సన్నబడింది. ఆ రోజు దుకాణంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన మరమ్మతు ఇదే. అయితే 720కి 576 చుక్కల డీవీడీ, అందులోనూ వీహెచ్‌ఎస్ నుంచి దించినది, ఎంత చేసినా కొత్త చిత్రంలా పదునుగా ఉండదని ఆయన ముందే చెప్పారు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది, ఆయన సలహా మీద సీపీయూను తెరకు కలిపే పాత వీజీఏ తీగ తీసేసి 250 రూపాయల హెచ్‌డీఎంఐ తీగ పెట్టించుకుని ఇంటికి వెళితే, అక్షరాలు ఇంకా పదునెక్కాయి గానీ నలుపు అంతా బూడిద రంగుగా, చిత్రమంతా పల్చని పాలు పోసినట్టుగా కనిపించింది. మళ్ళీ ఆటో, మళ్ళీ తిలక్ రోడ్డు. ఇంటెల్ గ్రాఫిక్స్ కొన్ని తెరలను హెచ్‌డీఎంఐ ద్వారా టీవీ అనుకుని, రంగుల అంకెలను 0 నుంచి 255 వరకు కాకుండా 16 నుంచి 235 వరకే పంపుతుందట. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో క్వాంటైజేషన్ రేంజ్ అనే చోట ఫుల్ అని మార్చగానే నలుపు నలుపైంది. దానికి డబ్బు తీసుకోలేదు, క్షమాపణ కూడా చెప్పారు. కానీ తగిలించి పంపే ముందు ఒకసారి చూసుకోవలసింది. ఆయన తెరలో ఆ ఇబ్బంది లేదు కాబట్టి తెలియలేదన్నది నిజమే అయినా, నాకు ఆటో ఖర్చు రెండింతలైంది.

రెండవది నాకు ఇంకా గంభీరంగా తోచింది. పని కోసం విండోస్ పాస్‌వర్డు అడిగి, దానిని మార్కరుతో పెద్ద అక్షరాల్లో చీటీ మీద రాసి సీపీయూకు అతికించి, దుకాణంలో అందరికీ కనిపించేలా పెట్టారు. పక్కన ఉన్న ఇతరుల యంత్రాల మీద కూడా అలాంటి చీటీలే ఉన్నాయి. నేను అభ్యంతరం చెబితే వెంటనే చింపేశారు గానీ, మిగిలిన చీటీలు అలాగే ఉండిపోయాయి. వెళ్ళేవాళ్ళు తాత్కాలికమైన పాస్‌వర్డు ఒకటి పెట్టుకుని వెళ్ళి, వచ్చాక మార్చుకోవడం మంచిది.

మిగిలినవి చిన్నవి. అడిగితే తప్ప బిల్లు ఇవ్వరు, ఇచ్చినా చేత్తో రాసిన చీటీయే. రేపు అన్న మాటకు మూడు రోజులు అని అర్థం చేసుకోవాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు షట్టరు సగం దించి ఉంటుంది. కూర్చోవడానికి ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ, అది కూడా ఎవరిదో ప్రింటరు కింద ఉంటుంది. బండి పెట్టుకోవడానికి చోటు వెతకడం కన్నా గోవిందరాజస్వామి గుడి దగ్గర దిగి నడిచి రావడం సులభం.

నాకు అయిన ఖర్చు మొత్తం 1,550 రూపాయలు. పరీక్షకు, డ్రైవరుకు కలిపి 300, శుభ్రం చేసి పేస్టు పూసినందుకు 400, ర్యామ్ 600, తీగ 250. అయిదున్నర వేల కార్డుతో పోలిస్తే ఇది తక్కువన్నది అటుంచి, ఆ కార్డు వేసి ఉంటే దుమ్మూ వేడీ అలాగే ఉండేవి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందనీ, ఎనిమిదో తరం కన్నా పాతదైన మా యంత్రం విండోస్ 11కు అధికారికంగా అర్హం కాదనీ ఆయన చెప్పారు. పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసి, బ్యాంకు పనులు మాత్రం ఇందులో పెట్టుకోవద్దన్నారు. కొత్తది కొనమని ఒత్తిడి చేయలేదు. నాకు ఇది చాలు అన్నాను, చాలు అన్నారు.

పెళ్ళి డీవీడీలో ఒక చోట గీతలు పడి, అప్పగింతల దగ్గర నాలుగు నిమిషాలు అసలు చదవడం లేదు. దానిని మెల్లగా చదివించి కాపీ చేసి ఇస్తానని ఆయన తన దగ్గరే ఉంచుకున్నారు. రేపు రమ్మన్నారు కాబట్టి గురువారం వెళతాను.